ఆగినందుకు ఇచ్చే డబ్బు: లిలువా డైరీ

14 సెప్టెంబర్ 2025, ఆదివారం

ఢిల్లీ నుంచి ఒక అమ్మాయి ముసాయిదా పంపింది. ఫ్రిజ్‌ల్లో, ఏసీల్లో వాడే హెచ్‌ఎఫ్‌సీ వాయువులు తగ్గించడానికి వచ్చే అంతర్జాతీయ నిధిలో రిపేరు రంగం వాటా ఎలా ఖర్చు పెట్టాలన్నది విషయం. "మేడమ్, నెలాఖరులోగా మీ వ్యాఖ్యలు కావాలి. మొహమాటం లేకుండా రాయండి" అంది. మొహమాటమే ఉంటే నేను పద్దులు చూసే ఉద్యోగంలో అన్నాళ్లు ఉండేదాన్నా!

ఉద్యోగంలో ఎక్కువ భాగం ఓజోన్ పొరకు చేటు చేసే రసాయనాలను మాన్పించే ప్రాజెక్టుల లెక్కలతోనే గడిచింది. గ్యాసుల గురించి నాకు తెలిసింది గోరంత. ఆ గ్యాసులు మానడానికి ఎవరికి ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఏం చూసి ఇచ్చారు అన్నది మాత్రం బాగా తెలుసు.

లిలువాలో తమ్ముడింటికి వచ్చి ఇలాంటి పని పెట్టుకున్నానని మరదలు విసుక్కుంటోంది. దుర్గా పూజ బట్టలు కొనడానికి హౌరా మైదాన్‌కు ఎప్పుడు వెళ్తామని అడుగుతోంది. మేడ మీద గదిలో బల్ల, ఫ్యాను, కిటికీలోంచి గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీది టోటో రిక్షాల హారన్లు. హౌరా నుంచి మెయిన్ లైన్లో మొదటి స్టేషన్ ఇదే కాబట్టి లోకల్ రైళ్లకు లెక్కే లేదు. నాన్న విజయనగరం దగ్గరి పల్లె నుంచి ఇక్కడి క్యారేజ్ వర్క్‌షాపులో పనికి వచ్చారు. తమ్ముడూ అందులోనే చేరాడు, ఏసీ కోచ్‌ల పని. ఇంకొన్ని నెలల్లో రిటైరవుతాడు. ఈ ఇంట్లో తెలుగు, బెంగాలీ, హిందీ ఒకే వాక్యంలో సర్దుకుంటాయి.

ముసాయిదా మొదటి పదిపేజీలు చదివాను. భాష బాగుంది. శిక్షణ ఇవ్వాల్సిన మెకానిక్‌లు ఇంతమంది, పంచాల్సిన పనిముట్ల పెట్టెలు ఇన్ని, పెట్టాల్సిన సదస్సులు ఇన్ని. ఏదో వెలితి ఉంది. ఏమిటో రేపు చూడాలి.

16 సెప్టెంబర్, మంగళవారం

ఈరోజు ఓజోన్ దినం. 1987లో ఇదే తేదీన మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. దానికి ముందున్న వియన్నా ఒప్పందానికి ఈ ఏడాదితో నలభై ఏళ్లు.

మేనల్లుడు భోజనం దగ్గర అడిగాడు. "అత్తా, ఈ డబ్బు ఎవరిది? వాళ్లు మనకెందుకిస్తారు?"

ఇది మంచి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండానే చాలామంది ఆ నిధి నడిపారు. వాడికి చెప్పింది ఇక్కడ రాసుకుంటున్నాను.

ఫ్రిజ్‌ల్లో, స్ప్రేల్లో వాడే సీఎఫ్‌సీలు ఓజోన్‌ను తినేస్తాయని మోలినా, రోలండ్ 1974లోనే చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర ఎంత పలచబడిందో బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. అప్పటిదాకా ఆ వాయువుల్లో సింహభాగం వాడింది సంపన్న దేశాలు. ఒప్పందంలోని ఐదో అధికరణం తలసరి వాడకం ఏడాదికి 0.3 కిలో లోపున్న వర్ధమాన దేశాలకు గడువు పొడిగించింది. మనం ఆ గీతకు ఎంతో దిగువన ఉన్నాం. గడువొక్కటే ఇస్తే చాలదని భారత్, చైనా పట్టుబట్టాయి. ఫ్రిజ్ అంటే ఏమిటో అప్పుడప్పుడే తెలుస్తున్న దేశం, ఇంకొకరు చేసిన నష్టానికి తన ఫ్యాక్టరీలు ఎందుకు మార్చుకోవాలి? మార్చుకోమంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? 1990 జూన్‌లో లండన్ సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ వాదనే గట్టిగా వినిపించారు.

అక్కడే బహుపాక్షిక నిధి పుట్టింది. మొదటి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లు. భారత్, చైనా చేరితే మరో 8 కోట్లు కలిపి 24 కోట్లు. అంటే ఆ ఇద్దరు లేకుండా ఒప్పందం బోడిదని దాతలకే తెలుసు. మనం 1992లో చేరాం. నిధి కార్యాలయం మాంట్రియల్‌లో. దాన్ని నడిపే కార్యవర్గంలో పద్నాలుగు దేశాలు, ఇచ్చేవారివి ఏడు, పుచ్చుకునేవారివి ఏడు. ప్రపంచ బ్యాంకులోలాగా ఎక్కువ ఇచ్చినవాడికి ఎక్కువ ఓట్లు ఉండవు.

"అయితే దానం కాదన్నమాట" అన్నాడు మేనల్లుడు.

కాదు. బాకీ తీర్చడం లాంటిది. ఆ తేడా తెలిసినవాడు లెక్క అడిగేటప్పుడు తలవంచుకోడు, లెక్క చెప్పేటప్పుడు దాచుకోడు.

17 సెప్టెంబర్, బుధవారం. విశ్వకర్మ పూజ

పొద్దున్నే పైన గాలిపటాలు. "భో కాట్టా" అని మేడల మీంచి కేకలు. బెంగాల్‌లో ఈ రోజు యంత్రాలకు సెలవు. వర్క్‌షాపులో షెడ్డు షెడ్డుకీ ఏనుగు వాహనం మీద విశ్వకర్మ. కుటుంబాలను రానిస్తారు కాబట్టి తమ్ముడితో వెళ్లాం. 1900లో ఈస్ట్ ఇండియన్ రైల్వే వాళ్లు కట్టిన వర్క్‌షాపు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వచ్చినప్పుడు లేత్ మిషన్లకు వేసిన బంతిపూల దండలే నాకు బాగా గుర్తు.

తమ్ముడికి ఏసీ కోచ్ చూపించడమంటే ఉత్సాహం. పాత కోచ్‌లలో ఏసీ సరంజామా అంతా అడుగున వేలాడేది. మోటారు, బెల్టు, కంప్రెసర్, అక్కణ్నుంచి పైకి పొడుగాటి రాగి గొట్టాలు. గ్యాసు ఆర్-12, సీఎఫ్‌సీ జాతిది. రైలు నడుస్తున్నంతసేపూ కుదుపు, దుమ్ము, రాళ్లు. గొట్టాల అతుకుల దగ్గరా, కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గరా గ్యాసు కారడం ఆ డిజైన్ లక్షణమే. ఏ దేశంలో రైలుకైనా అంతే. కారినంత మళ్లీ నింపడం.

తర్వాత కోచ్ పైకప్పు మీద అమర్చే యూనిట్లు వచ్చాయి. సీలు చేసిన కంప్రెసర్లు, పొట్టి గొట్టాలు, ఫ్యాక్టరీలోనే నింపిన గ్యాసు. యూనిట్ చెడితే దాన్ని క్రేన్‌తో దించి ఇంకోటి పెట్టడమే. గ్యాసు ఆర్-22 అయింది, ఇప్పటి ఎల్‌హెచ్‌బీ కోచ్‌లలో ఆర్-407సీ. ఆర్-12తో పోలిస్తే ఆర్-22 ఓజోన్‌కు చేసే చేటు ఇరవయ్యో వంతు చిల్లర, 0.055. 407సీ చేటు సున్నా.

"మరి ఇప్పుడు దాన్నీ మార్చమంటారటగా అక్కా?"

మార్చమంటారు. 407సీ ఓజోన్ జోలికి పోదుగానీ, వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 1,774 రెట్లు. 2016 అక్టోబర్‌లో రువాండా రాజధాని కిగాలిలో మాంట్రియల్ ఒప్పందానికి చేసిన సవరణ ఇలాంటి హెచ్‌ఎఫ్‌సీలను తగ్గించడానికే. భారత్ 2021 సెప్టెంబర్‌లో ఆమోదించింది. మన హెచ్‌ఎఫ్‌సీ వాడకం 2028లో స్తంభించాలి, 2032లో పది శాతంతో తగ్గింపు మొదలై 2047కు 85 శాతం తగ్గాలి.

నాకు కోచ్ చూస్తే పద్దే కనిపిస్తుంది. అడుగు నుంచి పైకప్పుకు మారడంలో ఖర్చంతా ఓజోన్ కోసం పెట్టింది కాదు. కొంత మెరుగైన డిజైన్ కోసం, కొంత బరువు తగ్గడం కోసం, కొంత నిర్వహణ సులువు కోసం. నిధి నియమం ఏమంటే, ఎలాగూ పెట్టబోయే ఖర్చు మేం ఇవ్వం. రసాయనం మార్చినందువల్ల అదనంగా పడ్డదే ఇస్తాం. ఇంక్రిమెంటల్ కాస్ట్ అనేవాళ్లం. కొత్త పద్ధతి వల్ల ఏమైనా మిగిలితే అదీ తీసేస్తారు. సెంటు స్ప్రేలు నింపే యూనిట్లు సీఎఫ్‌సీ నుంచి వంటగ్యాస్ జాతి వాయువుకు మారినప్పుడు గ్యాసు చవకైంది, ఆ మిగులు గ్రాంటులోంచి కోశారు. కానీ ఆ వాయువు అంటుకుంటుంది కాబట్టి గోడలు, గాలి మరలు, మంటను పసిగట్టే పరికరాల ఖర్చు కలిపారు. కంపెనీలో విదేశీ వాటా ఎంతుంటే అంత కోత. ఫలానా తేదీ తర్వాత కట్టిన ఫ్యాక్టరీకి పైసా లేదు. సీఎఫ్‌సీలకు ఆ తేదీ 25 జూలై 1995.

షెడ్డు బయట కిచిడీ, లాబ్డా, పాయసం పెట్టారు. కడుపునిండా తిన్నాను.

19 సెప్టెంబర్, శుక్రవారం

రాత్రి నిద్ర పట్టక ముసాయిదా మిగతా పేజీలు చదివాను. వెలితి దొరికింది. ప్రతి లక్ష్యమూ ఖర్చు లక్ష్యమే. ఎంత ఖర్చు పెట్టాం, ఎంతమందికి పంచాం అనే ఉంది. ఏం ఆగింది అన్న గడి లేదు.

ప్రభుత్వ పథకాల్లో యుటిలైజేషన్ సర్టిఫికెట్ అనేది ఉంటుంది. ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని. ఓజోన్ నిధి దాంతో తృప్తి పడలేదు. నురుగు తయారుచేసే ఒక చిన్న యూనిట్ నాకింకా గుర్తుంది. ఊరూ పేరూ రాయను. ఫ్రిజ్ తలుపుల్లో నింపే గట్టి ఫోమ్ చేసేవాళ్లు. కొత్త యంత్రం వచ్చింది, నడుస్తోంది, బిల్లులన్నీ సరిగా ఉన్నాయి. చివరి విడత డబ్బు విడుదల కావాలంటే పాత యంత్రాన్ని ధ్వంసం చేసి ఫొటోలతో, సంతకాలతో పత్రం ఇవ్వాలి. యజమానికి ప్రాణం ఒప్పలేదు. "నడుస్తున్న మిషనమ్మా, మా బావమరిదికి ఇస్తే బతుకుతాడు" అన్నాడు. బావమరిది బతుకుతాడు, అదే సీఎఫ్‌సీతో. అప్పుడు మేం ఇచ్చిన డబ్బుతో రెండు యూనిట్లు నడుస్తాయి. ఆఖరికి గ్యాస్ కట్టర్ తెచ్చి మా ఎదుటే ముక్కలు చేయించాడు. ఆ సాయంత్రం మాకు టీ ఇవ్వలేదు. చివరి విడత మాత్రం ఆలస్యం లేకుండా వెళ్లింది.

ఎవరికెంత అన్నదానికి కూడా కొలత ఉండేది. మాన్పించిన ప్రతి కిలోకు ఇంత డాలర్లకు మించకూడదని 1995లో పరిమితులు పెట్టారు. గట్టి ఫోమ్‌కు 7.83, ఇంటి ఫ్రిజ్‌లకు 13.76, దుకాణాల శీతల పరికరాలకు 15.21. ఏడాదికి పది టన్నుల సీఎఫ్‌సీ వాడే ఫోమ్ యూనిట్‌కు గరిష్ఠంగా 78,300 డాలర్లు. లెక్క శుభ్రంగా ఉంది. కానీ ఏడాదికి ఒక్క టన్ను వాడేవాడికి 7,830 డాలర్లే. యంత్రం ధర మాత్రం వాడి కోసం పదో వంతు కాదు. కిలోల లెక్క డబ్బును పెద్దవాళ్ల దగ్గరికి త్వరగా తీసుకెళ్లింది. ఇంత చిన్నవాడి దగ్గర ఒంటరిగా నిలబడలేకపోయింది. అందుకే చిన్న యూనిట్లను గుంపుగా కట్టడం, తర్వాత రంగం మొత్తానికి ఒకే ఒప్పందం చేసుకోవడం వచ్చాయి. ఈ ఏడాది దేశం వాడకం ఇంతకు దిగితేనే వచ్చే ఏడాది విడత అని.

గ్రాంటు డాలర్లలో, యంత్రం బిల్లు యెన్‌లోనో యూరోలోనో, జీతాలు రూపాయల్లో. 2008 మొదట్లో డాలరుకు నలభై లోపున్న రూపాయి ఆ ఏడాది చివరికి యాభైకి చేరింది. ఆ ఏడాది పద్దులు చూసినవాళ్లకు జుట్టు తొందరగా నెరిసింది.

21 సెప్టెంబర్, ఆదివారం. మహాలయ

తెల్లవారుజామున నాలుగింటికి వీధి వీధంతా రేడియో. బీరేంద్ర కృష్ణ భద్ర గొంతు. ఎన్ని టీవీలు వచ్చినా ఈ ఒక్క పూట బెంగాల్ రేడియోకే లేస్తుంది. తమ్ముడు గంగ ఒడ్డుకు వెళ్లి నాన్నకు తర్పణం విడిచి వచ్చాడు. ఇంట్లో గారెలు, పులిహోర.

మధ్యాహ్నం రెండు పద్దులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

మొదటిది. సీఎఫ్‌సీ తయారీ ఆపడానికి 1999 నవంబర్‌లో నిధి మన దేశానికి 8 కోట్ల 20 లక్షల డాలర్లు ఒప్పుకుంది. నాలుగు కంపెనీలు: ఎస్‌ఆర్‌ఎఫ్, గుజరాత్ ఫ్లోరోకెమికల్స్, నవీన్ ఫ్లోరిన్, చెంప్లాస్ట్ సన్మార్. అప్పుడు ఏటా తయారీ 22 వేల టన్నుల పైచిలుకు. ఏడాదికేడాది తగ్గే కోటా, ప్రపంచ బ్యాంకు తరఫున తనిఖీ, ఆ తర్వాతే విడత. 2010 జనవరి 1 గడువు. 2008 ఆగస్టు 1కే తయారీ ఆగిపోయింది, ఆస్తమా ఇన్‌హేలర్ల అవసరం మినహా. మొత్తం భాగిస్తే ఏటా ఆగిన ప్రతి కిలోకు నాలుగు డాలర్లు కూడా కాలేదు. మొత్తం ముందే తేల్చి విడతలుగా ఇచ్చారు. ఏటేటా వచ్చే ఆదాయం కాదు.

రెండోది. ఆర్-22 తయారు చేస్తుంటే పక్కన పుట్టే వ్యర్థం హెచ్‌ఎఫ్‌సీ-23. ఓజోన్‌కు హాని లేదుగానీ, ఒక టన్ను 11,700 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని లెక్క కట్టారు. క్యోటో ఒప్పందం కింద దీన్ని కాల్చేస్తే కార్బన్ క్రెడిట్లు. కాల్చడానికయ్యే ఖర్చు కొంచెం, అమ్మితే వచ్చేది కొండంత. గుజరాత్‌లోని ఒక ప్లాంటు ఈ పథకంలో ప్రపంచంలోనే తొలిగా నమోదైన వాటిలో ఒకటి. ఇది ఏటా వచ్చే డబ్బు. వ్యర్థం పుడుతున్నంతకాలం వస్తుంది. అది ఆగాలని ఎవరికి ఉంటుంది? కొన్ని దేశాల్లో క్రెడిట్లు వచ్చే కాలంలో వ్యర్థం పెరిగి, రాని కాలంలో తగ్గిందని పరిశోధకులు పట్టుకున్నారు. 2013 మే నుంచి యూరప్ ఆ క్రెడిట్లు కొనడం మానేసింది. 2016 అక్టోబర్‌లో, కిగాలి చర్చలు జరుగుతుండగానే, మన ప్రభుత్వం సొంత ఖర్చుతో కాల్చమని ఉత్పత్తిదారులను ఆదేశించింది. ఏళ్ల తరబడి కోట్లు గడించిన పని, ఒక్క ఆదేశంతో మామూలు ఫ్యాక్టరీ ఖర్చుగా మారింది.

రెండూ మంచి ఉద్దేశంతో పెట్టినవే, రెండింటికీ తనిఖీలున్నాయి. తేడా ఒక్కటే. ఒకటి ఆపినందుకు డబ్బిచ్చింది, రెండోది పుట్టించి చంపినందుకు ఇచ్చింది.

ఇది ముసాయిదాకు సంబంధం లేని సంగతి కాదు. మన హెచ్‌ఎఫ్‌సీ కోటా లెక్కకు ఆధారం 2024, 2025, 2026 సంవత్సరాల సగటు వాడకం, దానికి ఆర్-22 లాంటి పాత హెచ్‌సీఎఫ్‌సీల ఆధార లెక్కలో 65 శాతం కలుపుతారు. అంటే మనం ఇప్పుడు ఆ మూడేళ్ల నడిమధ్య ఉన్నాం. ఇప్పుడు ఎంత ఎక్కువ వాడితే రేపటి కోటా అంత పెద్దది. దేశం మొత్తానికి ఇది తెలివైన లెక్కలా కనిపిస్తుంది. ఆ అమ్మాయి ముసాయిదాలో "ఆధార సంవత్సరాల్లో మార్కెట్ విస్తరణ" అని ఒక ఉపశీర్షిక ఉంది. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను.

23 సెప్టెంబర్, మంగళవారం

రాత్రంతా ఆకాశం చిల్లుపడింది. కోల్‌కతాలో ఇరవై నాలుగు గంటల్లో 250 మిల్లీమీటర్లు దాటిందని వార్తలు. కరెంటు షాక్ కొట్టి ఎంతోమంది పోయారు. హౌరా యార్డులో నీళ్లు, లోకళ్లు లేవు. మా వీధిలో మోకాలిలోతు. కింది గదిలోకి నీళ్లొచ్చి ఫ్రిజ్ అడుగు మునిగింది. మేము మెయిన్ ఆపేసి మేడ మీదే కూర్చున్నాం. మరదలు కొవ్వొత్తి వెలుగులో ఉల్లిపాయలు తరుగుతూ పూజ బట్టల సంగతి మరిచిపోయింది.

ఫోన్లో ఛార్జింగ్ ఉన్నంతసేపు పాత కాగితాలు తిరగేశాను. ఆపడం మీద తనిఖీ ఎంత గట్టిగా పెట్టినా, కాగితం కాగితమే. 1999లోనే చైనాకు కూడా సీఎఫ్‌సీ తయారీ మూసేయడానికి 15 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. తనిఖీలు జరిగాయి, 2010కి లెక్కల్లో సున్నా. 2018 మేలో అమెరికా సముద్ర వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు గాలిలో సీఎఫ్‌సీ-11 తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదని ప్రకటించారు. 2012 నుంచి ఎక్కడో ఏడాదికి 13 వేల టన్నులు అదనంగా విడుదలవుతూ వచ్చిందని తేలింది. ఏడాది తిరిగేసరికి కొరియాలోని గోసాన్, జపాన్‌లోని హతెరుమ కేంద్రాల కొలతలు గాలి వచ్చిన దారిని వెనక్కి పట్టుకుంటూ వెళ్లాయి. అందులో పెద్ద వాటా, ఏడు వేల టన్నుల దాకా, తూర్పు చైనాలోని షాన్‌డాంగ్, హెబెయ్ ప్రాంతాలది. చాటుగా ఫోమ్ తయారీ. ఆ తర్వాత చర్యలు తీసుకున్నారు, గాలిలో లెక్క మళ్లీ దిగింది.

ఆడిటర్‌గా నాకు ఇది గర్వభంగం కాదు, ఊరట. మా సంతకాల పైన ఇంకో సంతకం ఉంది, దానికి లంచం ఇవ్వలేరు. నిధి నుంచి డబ్బు పుచ్చుకునే ఏ రంగానికైనా ఇలా బయటినుంచి కొలిచే దారి ఒకటి ఉండాలి.

ఉండాలి సరే, లిలువాలో ఒక ఫ్రిజ్ మెకానిక్‌ను ఏ కేంద్రం నుంచి కొలుస్తారు?

25 సెప్టెంబర్, గురువారం

కొలవడం ఎలాగో ఆ మెకానికే చెప్పాడు.

నీళ్లు తీశాక ఫ్రిజ్ నడవలేదు. మేనల్లుడు తన స్నేహితుణ్ని పిలిచాడు. భట్టనగర్ వైపు ఉంటాడు. తాతల నాటి శ్రీకాకుళం, ఇక్కడే పుట్టాడు. సైకిల్‌కు ఒకపక్క పనిముట్ల సంచి, ఇంకోపక్క చిన్న సిలిండర్. రిలే కాలిపోయింది, కంప్రెసర్ కూడా పోయింది. మార్చాలి.

గొట్టం కత్తిరించాడు. సుయ్‌మని గ్యాసు గదిలోకి పోయింది. నేను అలా చూస్తుంటే నవ్వాడు.

"ఏటత్తా అలా సూత్తన్నావు? 134 గ్యాసే. ఓజోన్‌కి ఏటీ కాదు. మాకు ట్రైనింగ్‌లో సెప్పారు."

నిజమే చెప్పాడు. ఓజోన్‌కు ఏమీ కాదు. మనసులో లెక్క వేశాను. అందులో వంద గ్రాములు ఉంటే, 1,430 రెట్లు కాబట్టి 143 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఆ సుయ్‌లో పోయినట్టు.

"శిక్షణలో రికవరీ మిషన్ చూపించలేదా?"

"సూపించేరు. ఒక సారుకిచ్చేరు కూడాను. అతగాడి షాపులో మూల కూకుంది. పద్నాలుగు, పదిహేను కిలోలు ఉంటాది. సైకిల్ మీద ఎట్టుకెళ్తాను? సరే ఎట్టుకెళ్లేనే అనుకో. తీసిన గ్యాసు ఏటి సేయను? ఎవుడు కొంటాడు? ఎక్కడ ఇవ్వమంటారు? అరగంట దానికెడితే ఇంకో ఇల్లు పోతాది."

వీడు సోమరి కాడు, తెలియనివాడూ కాడు. సీఎఫ్‌సీ కాలంలో జర్మనీ, స్విట్జర్లాండ్, యూఎన్‌డీపీ, యూఎన్‌ఈపీ కలిసి నడిపిన జాతీయ పథకం వేలమంది మెకానిక్‌లకు ఐటీఐల్లో శిక్షణ ఇచ్చింది. సరైన వ్యాక్యూమ్, శుభ్రమైన బ్రేజింగ్, లీకు వెతకడం, ఇవన్నీ ఆ శిక్షణల పుణ్యమే. ఈ కుర్రాడు కూడా వ్యాక్యూమ్ పంప్ పెట్టి ఓపిగ్గా కూర్చున్నాడు. ఎందుకంటే వ్యాక్యూమ్ సరిగా లేకపోతే ఫ్రిజ్ మళ్లీ చెడి వాడికే చెడ్డపేరు. నేర్పినదాంట్లో వాడి లాభం ఉన్నది నిలబడింది. వాడి లాభం లేనిది మూలన కూర్చుంది.

టీ ఇచ్చి ఇంకో ప్రశ్న వేశాను. "సరే, తీసిన గ్యాసు కిలోకు ఎవరైనా ఇంత అని ఇస్తే?"

"అప్పుడు అందరూ తెత్తారు" అన్నాడు. కొంచెం ఆలోచించి, "ఎక్కువిత్తే కొత్త సిలిండరే పాతదని తెత్తారు" అన్నాడు.

హెచ్‌ఎఫ్‌సీ-23 కథ మొత్తం ఒక్క ముక్కలో చెప్పేశాడు. నేను ఆదివారం రెండు పద్దులు పెట్టుకుని చేసిన లెక్క వీడు బిస్కెట్ ముంచుకుంటూ చేశాడు.

27 సెప్టెంబర్, శనివారం. పంచమి

వీధిలో ఢాక్ వాయింపు మొదలైంది. పందిళ్లకు లైట్లు వేశారు. మరదలికి బట్టలు కొనిపెట్టి, సాయంత్రం కూర్చుని వ్యాఖ్యలు రాసి పంపేశాను. నకలు ఇక్కడ.

ఒకటి. "ఆధార సంవత్సరాల్లో మార్కెట్ విస్తరణ" భాగం తీసేయాలి. కోటా పెంచుకోవడానికి నిధి డబ్బు ఒక్క రూపాయి వాడినా, పదేళ్ల తర్వాత ఆ పెంచినదాన్ని తగ్గించడానికి మళ్లీ డబ్బు అడగాల్సి వస్తుంది. ఒకే వాయువుకు రెండుసార్లు ఖర్చు.

రెండు. 134ఏ ఫ్రిజ్ నుంచి ఐసోబ్యూటేన్ ఫ్రిజ్‌కు, 410ఏ ఏసీ నుంచి ప్రొపేన్ ఏసీకి మెకానిక్‌లను మారుస్తున్నప్పుడు మధ్యలో ఆగే మెట్టు ఎందుకు? 12 నుంచి 22కు, 22 నుంచి 407కు మారిన ప్రతిసారీ శిక్షణ, పరికరాలు, కరపత్రాలు మొదటినుంచీ. జర్మన్ సాయంతో గోద్రెజ్ 2012లోనే ప్రొపేన్ ఏసీ ఇక్కడే తయారు చేసింది. అంటుకునే వాయువుతో పని చేయడం నేర్పే ఖర్చు, ఇరుకు ఇళ్లలో జాగ్రత్తల ఖర్చు ఈ పద్దులో మొదట ఉండాలి. అది నిజమైన అదనపు ఖర్చు, నిధి ఇవ్వడానికి ఒప్పుకోవాల్సిన ఖర్చు.

మూడు. తీసిన గ్యాసు తిరిగి ఇచ్చే చోటు ప్రతి పట్టణంలో ఉండాలి. గ్యాసు అమ్మే దుకాణమే అయితే మెకానిక్‌కు దారి కలిసొస్తుంది. తిరిగి ఇచ్చిన కిలోకు చెల్లించే మొత్తానికి రెండు హద్దులు: మెకానిక్ పోగొట్టుకునే అరగంట విలువకంటే ఎక్కువ, కొత్త గ్యాసు ధరకంటే తక్కువ. రెండో హద్దు దాటితే వ్యర్థం పుట్టించడమే వ్యాపారం అవుతుంది. పెద్ద రికవరీ మిషన్ బదులు సైకిల్ మీద పోయే చిన్న పంపు, సంచి ఇవ్వాలి.

నాలుగు. 2024 నుంచి 2026 వరకు నిధికి 96.5 కోట్ల డాలర్లు సమకూర్చాలని దేశాలు ఒప్పుకున్నాయి. ఇంత పెద్ద విడత ఎప్పుడూ లేదు. డబ్బు ఎక్కువైనప్పుడు పంచడం తేలిక, ఆపడం కష్టం. మీ పట్టికలో శిక్షణ పొందినవారి సంఖ్య, పంచిన పెట్టెల సంఖ్య, సదస్సుల సంఖ్య ఉన్న మూడు గడులను అనుబంధంలోకి తోసేయండి. మొదటి పేజీలో రెండే గడులు పెట్టండి: జిల్లాలో ఏడాదికి అమ్ముడైన గ్యాసు కిలోలు, తిరిగి వచ్చిన గ్యాసు కిలోలు. రెండో గడిలో మొదటి ఏడాది సున్నా ఉంటుంది. ఆ సున్నాను దాచకుండా మాంట్రియల్‌కు పంపండి. రెండో ఏడాది అది ఎంతకు పెరిగిందో చూసి మూడో ఏడాది విడత అడగండి.